తెల్లమెట్ట

ఆ పొద్దున ఆకాశం ఉతికి ఆరేసిన పాత పంచెలా ఉంది. ఎండ లేదు, వాన లేదు. గాలి మాత్రం తెరచాపకి సరిపడా ఉంది.

కార్తీకమాసం పిక్నిక్కులతో విశాఖ బీచిలో కాలు పెట్టే చోటు లేదని, రోషన్, అతని కొత్త పెళ్లాం మిరియం బస్సెక్కి పడవ నడిపే ఎల్లాజీ ఊరి రేవుకి వచ్చారు.

"ఎటెల్దాం బాబూ?" అన్నాడు ఎల్లాజీ, పడవని నీళ్లలోకి తోస్తూ.

"గాలి ఎటు తీసుకెళ్తే అటు. ఏ మెట్ట కనిపిస్తే అక్కడ దిగుతాం," అన్నాడు రోషన్.

సముద్రంలో అక్కడక్కడ తేలిన రాతిదిబ్బల్ని ఆ ఊళ్లో మెట్టలంటారు.

ఆ మాట విని, ఒడ్డున కూర్చున్న ఒక ముసలాయన లేచొచ్చాడు. భుజాన బరువైన గోనెమూట.

"నన్నూ ఎక్కించుకో నాయనా. ఆకరి మెట్ట కాడికెల్లాలి. నా పేరు గురువులు, ఎలమంచిలి అవతల మాది. ఏటా నన్ను తీసుకెల్లే పక్కూరి పడవాయన మొన్న వేసంగిలో పోయాడు."

"ఆ మెట్ట మీద నీకేటి పని?" అన్నాడు ఎల్లాజీ.

"ఉందిలే నాయనా."

ఎల్లాజీకి నచ్చలేదు. మిరియం "రానీ అన్నా, పెద్దాయన," అంటే ఊరుకున్నాడు.

దారిలో రెండు మెట్టల మీద ఆగారు. మిరియం గవ్వలేరుకుంది. రోషన్ కెమెరా పట్టుకుని రాళ్లమీద గెంతుతున్నాడు.

ముసలాయన పడవ దిగలేదు. మూట మీద చెయ్యేసుకుని రోషన్ కాళ్లకేసే చూస్తున్నాడు.

"అంచుకెల్లకు బాబూ, పాకుడుంటాది!"

రోషన్ నవ్వాడు. "మా నాన్న కూడా ఇంత భయపడడు తాతా!"

"మావోడూ ఇదే మాటనీవోడు."

పడవ మళ్లీ కదిలింది.

"తర్వాత ఏ మెట్ట అన్నా?" అంది మిరియం.

"అదే ఆకరిది. తెల్లమెట్ట. దాన్ని చూసుకునే మా పడవలు ఇంటికొత్తాయమ్మా. దాని సుట్టూ నీటికింద రాళ్లు. ఏటా వానలెల్లగానే అమ్మోరు దాన్ని తెల్లగా సేసీద్ది. సందేళ కూడా దూరానికి మెరుత్తాది. ఈ ఏడు ఇంకా నల్లగానే ఉండిపోయింది."

"ఏమవుతుంది నల్లగా ఉంటే?"

"మొన్న మసకసీకట్లో మా తమ్ముడు వాసు పడవ రాయి గుద్దీసింది. గంగమ్మ దయవల్ల ఈదుకొచ్చాడు. పడవకి అతుకేసుకుని ఇయ్యాల మళ్లీ ఏటకెల్లాడు. సందేళకి ఇదే దారిన రావాల."

"అయ్యో, ఆలీసమైపోయింది," అని ముసలాయన గొణిగాడు. ఎవరూ పట్టించుకోలేదు.

"మరి ఈ ఏడు అమ్మవారు ఎందుకు మానేసింది?" అన్నాడు రోషన్.

"కోపమొచ్చి. సర్వేవోళ్లొచ్చి మా ఇళ్ల సుట్టూ సున్నంతో గీతలేసెల్లారు. ఊరు లేపేత్తారంట. తల్లి సూత్తా ఊరుకుంటాదేటి?"

అప్పుడే ఓ కెరటం పడవని ఎత్తి కుదేసింది. గోనెమూట ఒరిగి మూతి ఊడింది.

లోపల తెల్లగా గుల్లసున్నం.

ఎల్లాజీ ముఖం మారిపోయింది.

"ఏ ఆపీసోడివయ్యా నువ్వు? మా ఇళ్లు సాల్లేదేటి, మెట్టల మీద కూడా గీతలెయ్యాలా?"

"కాదు నాయనా, ఇది..."

"తల్లి ఒంటి మీద గీత పడనిత్తాననుకున్నావేటి!"

రోషన్ ఆపేలోగానే ఎల్లాజీ మూటని సముద్రంలోకి తోసేశాడు. నీళ్లు తెల్లగా కుతకుతలాడి, కాసేపటికి మామూలైపోయాయి.

ముసలాయన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. తెల్లటి మరక కరిగిపోయేదాకా చూశాడు.

"అంత దూరం మోసుకొచ్చాను," అన్నాడు. అంతే. కోప్పడలేదు.

తెల్లమెట్ట చేరేసరికి మధ్యాహ్నమైంది. ఎల్లాజీ అలవాటు కొద్దీ దణ్ణం పెట్టుకున్నాడు. మెట్ట నిండా వానకి కారిన నల్లటి చారలు.

ఈసారి ముసలాయన దిగాడు. రాతిని అరచేత్తో తడిమి, తుండుగుడ్డతో కళ్లొత్తుకున్నాడు.

"ఎవరైనా పోయారా తాతగారూ?" అంది మిరియం మెల్లిగా.

"మా కొడుకమ్మా. స్టీలు ప్లాంటులో సేసీవోడు. సెలవొత్తే సేయితులతో మీలాగే, గాలెటెల్తే అటెల్లిపోయీవోడు. మసకసీకట్లో ఈ మెట్ట నల్లగా ఉండి అగుపడలేదంట."

ఎల్లాజీ తల దించుకున్నాడు. బిడ్డ పోయిన మనిషి మీదా తను నోరు పారేసుకుంది!

పెళ్లాం పోతమ్మ కట్టిచ్చిన అన్నం, చేపల పులుసు విప్పాడు. మొదటి ఆకు ముసలాయన ముందే పెట్టాడు.

"తిను తాతా."

ముసలాయన ఓ ముద్ద తీసి రాతి మీద పెట్టి, తర్వాత తను కలుపుకున్నాడు.

నలుగురూ తింటున్నారు.

గాలికి దొర్లిపోతున్న గిన్నెమూత కోసం ఎల్లాజీ రాతి నెర్రెలోకి చెయ్యి పెట్టాడు. చేతికి ఏదో గరుగ్గా తగిలింది. పైకి తీశాడు.

కొబ్బరిపీచు కుంచె. ఏళ్ల తరబడి సున్నం పేరుకుని రాయిలా బిగుసుకుపోయింది.

ఎల్లాజీ వాసు రావలసిన దిక్కుకేసి చూశాడు, తర్వాత ఎదురుగా అన్నం కలుపుతున్న, సున్నం తినేసి పగిలిన ఆ వేళ్లకేసి చూశాడు. ఇన్నేళ్లూ తను దణ్ణం పెట్టుకున్న అమ్మోరి చేతులు అవే.