నాలుగు మూతల నూనె

"నా బండి! ఇదిగో, ఈయనే దొంగ!"

పెట్రోలు బంకు అదిరిపోయేలా అరిచింది కెండ్రా. పికప్పు వ్యాన్ని అడ్డంగా ఆపి, ఇంజన్ కూడా కట్టెయ్యకుండా కిందికి దూకింది. ఒంటి మీద రేసు చొక్కా, కాళ్లకి మోకాళ్ల దాకా బూట్లు, మొహం నిండా దుమ్ము.

ఆమె వేలు పెట్టి చూపిస్తున్న పెద్దమనిషి మాత్రం తాపీగా ఐస్‌క్రీమ్ చప్పరిస్తున్నాడు. పేరు డెల్బర్ట్. డెబ్భై ఏళ్లు ఉంటాయి. పక్కనే అతని టూరింగ్ బైకు, మంచమంత వెడల్పు. వీపు ఆనించుకోవడానికి దిండు, ముందు రెండు స్పీకర్లు, వాటిలోంచి చెవులు చిల్లులు పడేలా గిటారు పాటలు. ఆ బైకు వెనక చిన్న ట్రైలరు, దాని మీద పట్టీలతో కట్టిన ఎర్ర డర్ట్ బైకు, ఇసుకలో రేసులు తొక్కే రకం.

నీడలో కాఫీ తాగుతున్న పోలీసు అధికారి, డెప్యూటీ షెరీఫ్ ఆరిన్ విసుగ్గా లేచాడు. వచ్చే నెలే రిటైర్మెంటు. అందాకా ఉటా ఎడారి అంతా కళ్లు మూసుకుని పడుకుంటే బాగుండునని ఆయన కోరిక.

"ముందు ఆ పాట ఆపండి" అన్నాడు. "ఇప్పుడు చెప్పమ్మాయ్."

"రేసు క్యాంపులో పేరు రాయించుకుని వచ్చేసరికి బండి మాయం సార్! పన్నెండింటికి రేసు. ఏడాది పొడుగునా బేకరీలో పిండి పిసికి కొనుక్కున్నాను ఆ బండిని. ఇవాళ తప్పితే మళ్లీ వచ్చే ఏడే!" అంది కెండ్రా.

డెల్బర్ట్ జాలిగా నవ్వాడు. "పాపం, కంగారులో ఉంది పిల్ల. ఎర్రవన్నీ ఒక్కలాగే ఉంటాయి తల్లీ. ఇది ఐడహో నుంచి నా వెనకే వస్తోంది. రోడ్డు మీద ఈ లావుదాన్ని ఎక్కుతా, ఇసుక కనిపిస్తే ఆ బక్కదాని మీదకి దూకుతా."

ఆరిన్ పకపకా నవ్వాడు. బండి నంబరు చూద్దామని వంగితే దాని మీద మందంగా రంగు పూసి ఉంది. ఇద్దరి కాగితాలూ ఇంట్లోనే ఉన్నాయట. ఎవరికైనా ఫోన్ చేద్దామంటే ఆ లోయలో సిగ్నల్ ఉండి చావదు.

"ఇవి నాకు కొత్తేం కాదులెండి" అన్నాడు ఆరిన్, బొజ్జ మీద బెల్టు సర్దుకుంటూ. "డెబ్భై తొమ్మిదిలో ఈ ఎడారిలో రేసులు తొక్కినవాణ్ణి. ఆ నీలం పొగ, ఆ వాసన! తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది."

ఆరిన్ రేసుల కబురు ఎత్తాడంటే ఊళ్లోవాళ్లు మెల్లగా జారుకుంటారు. డెల్బర్ట్ మాత్రం ఐస్‌క్రీమ్ తినడం కూడా మానేసి చెవులప్పగించి విన్నాడు. "అబ్బ! ఆ రోజుల బండ్లే బండ్లు ఆఫీసరు గారూ" అన్నాడు.

ఆరిన్‌కి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. కెండ్రాని పక్కకి పిలిచి, గొంతు తగ్గించి అడిగాడు.

"ట్యాంకులో ఏం పోస్తావు?"

"పెట్రోలు."

"ఇంకా?"

"ఇంకేం పోస్తారు సార్, మీ చేతిలో కాఫీనా?"

ఆరిన్ మీసాల చాటున నవ్వుకున్నాడు. ఆమెని తన కారు వెనక సీట్లో కూర్చోబెట్టి, ఏసీ వేసి, తలుపు మూశాడు. లోపలి నుంచి తెరుచుకోని తలుపు అది.

తరవాత డెల్బర్ట్‌ని అదే ప్రశ్న అడిగాడు. డెల్బర్ట్ ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూశాడు.

"మీలాంటి పాత రేసరుకి నేను చెప్పాలా? పెట్రోలు, దాన్లో కాస్త నూనె. అన్నట్టు, నూనె నిండుకుంది. ఇక్కడెక్కడైనా దొరుకుతుందా?"

"ఎక్కడో ఎందుకు, నా డిక్కీలోనే ఉంది!" ఆరిన్ మొహం వెలిగిపోయింది. చెట్లు కోసే ఇంజను రంపానికని దాచుకున్న నూనె డబ్బా తెచ్చి, స్వయంగా నాలుగు మూతలు కొలిచి ట్యాంకులో పోశాడు. ట్రైలరు ఎక్కి బండిని అటూ ఇటూ ఊపి కలిపాడు. పట్టీలు వదులయ్యాయేమోనని తనే లాగి బిగించాడు.

కారులో కెండ్రా రెండు చేతులా అద్దం బాదుతూ ఏదో అరుస్తోంది. డెల్బర్ట్ మళ్లీ పాట పెట్టేశాడు, ఒక్క ముక్క వినపడితే ఒట్టు. దొరికిపోయిన దొంగలంతా ఇంతేనని ఆరిన్ వినోదంగా చూశాడు.

టూరింగ్ బైకు గుర్రుమంటూ కదిలింది. డెల్బర్ట్ చెయ్యి ఊపాడు. ఆరిన్ సెల్యూట్ కొట్టాడు. ట్రైలరు కొండ మలుపు దాటేదాకా చూసి, ఈల వేసుకుంటూ వచ్చి కారు తలుపు తీశాడు.

కెండ్రా కారులోని గడియారాన్నే చూస్తోంది. పదకొండూ యాభై. దూరంగా రేసు మైదానం మీద దుమ్ము లేస్తోంది. ఆమె కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"ఏడవకు. దొంగతనం చేసినా ఓనమాలు తెలిసుండాలి" అన్నాడు ఆరిన్ దర్జాగా. "సొంత బండి అయినవాళ్లు ఎవరైనా పెట్రోల్లో నూనె కలుపుతారమ్మాయ్. ఆ ఒక్క ప్రశ్నతోనే దొరికిపోయావు."

కెండ్రా చొక్కా చేతితో కళ్లు తుడుచుకుంది.

"నూనె కలిపేది మీ కాలం టూ స్ట్రోక్ బండ్లకి సార్. నాది ఫోర్ స్ట్రోక్. దాని పెట్రోల్లో నూనె పొయ్యాలనుకునేవాళ్లు ఇవాళ ఈ ఎడారి మొత్తానికి ఇద్దరే: దాన్ని ఎత్తుకెళ్లినవాడూ, పట్టీలు బిగించి వాణ్ణి సాగనంపిన మీరూ."