బాగున్న కన్ను

రెండంతస్తుల మధ్య లిఫ్టు ఆగిపోయింది. కరెంటు పోయింది.

లోపల ముగ్గురే. తల్లి, ఆమె ఐదేళ్ళ కూతురు, పై అంతస్తులో ముసలి తల్లితో కొత్తగా అద్దెకు దిగినాయన.

ఆయన చేతిలో తెల్ల కర్ర. ఒక కన్ను ఏనాడో పోయి మూసుకుపోయింది. రెండోది మాత్రం నిగనిగలాడుతూ ఉంటుంది. అందుకే బిల్డింగంతా ఆయనకు ‘దొంగ గుడ్డాయన’ అని పేరు పెట్టేసింది.

“అమ్మా, పట్టీ తీసెయ్యవే! ఏం కనబడట్లేదు!” పాప గుక్కపట్టింది.

బాగున్న కంటికే పట్టీ వేయమన్నారు డాక్టరమ్మ. చూపు మందగించిన కన్ను పని నేర్చుకోవాలంటే అదొక్కటే దారట. చెప్పడం తేలికే. రోజంతా ఆ ఏడుపు వినేది ఆవిడ కాదుగా! పట్టీ మొదలైనప్పటి నుంచీ తల్లికి ఇల్లే జైలయింది. ఇప్పుడీ ఇనప పెట్టె ఒకటి.

“ఉండమ్మా, తీసేస్తా.”

“తియ్యకమ్మా,” అన్నాడాయన చీకట్లోంచి.

“మీకెందుకండీ?”

“ఏడిస్తే ఏడవనీ. ఇప్పుడు జాలిపడితే, రేపు ఎంత మొత్తుకున్నా ఆ కన్ను అక్కరకు రాదు.”

“మీరేమన్నా డాక్టరా? మీకెలా తెలుసు?”

ఆయన కర్రను నేలకు ఆనించిన చప్పుడైంది.

“ఎవరో చెప్పగా విన్నాన్లే అమ్మా.”

ఆమెకు ఒళ్ళు మండింది. సెల్‌ఫోన్ లైటు వేసింది. ఆయన చటుక్కున వెలుతురు వైపు తల తిప్పాడు.

అమ్మ దొంగా! చూపు లేనివాడికి వెలుతురెలా తెలిసింది?

ఇంతలో పాప, “నేనే పీకేస్తా!” అంటూ పట్టీని సగం లాగేసింది. ఆయన గాల్లో తడుముకుంటూ చెయ్యి చాచి, పాప మొహం మీద పట్టీని అదమబోయాడు.

తల్లికి పిల్లను లాక్కుని పారిపోదామన్నా దారి లేదు.

“చెయ్యి తియ్!” కెవ్వున అరిచింది.

కరెంటొచ్చి తలుపు తెరుచుకునేసరికి జనం మూగారు.

“కళ్ళు కనబడుతున్నా నాటకాలాడుతున్నాడు. పిల్ల మీద చెయ్యేశాడు!” అంది తల్లి.

“పట్టీ ఊడిపోతోందనమ్మా...” అన్నాడాయన.

ఎవరు వింటారు? తలా ఒక మాట అన్నారు. ఇల్లు ఖాళీ చేయాల్సిందేనని అక్కడికక్కడే తేల్చేశారు.

తల్లి హాయిగా ఊపిరి పీల్చుకుంది. ఆ విసురులో పాప పట్టీ కూడా పీకి పారేసింది.

వారం తర్వాత డాక్టరమ్మ పాపను చూసి మొహం చిట్లించింది.

“పట్టీ మానేశారు కదూ?”

“ఏడుస్తోందండీ. అయినా ఆ మసక కంట్లో జబ్బేమీ లేదన్నారుగా?”

“కన్ను బాగుంటే చాలదమ్మా, చూసేది మెదడు. చిన్నతనంలో ఆ కంటి నుంచి బొమ్మ సరిగ్గా అందితేనే అక్కడి కణాలు చూడడం నేర్చుకుంటాయి. ఆ వయసు దాటిందా, బాగా ముదిరిన కేసుల్లో కన్ను ఎంత మెరుస్తున్నా వెలుతురూ మసక నీడలూ తప్ప పెద్దగా ఏమీ తెలియదు. మీ పాపకింకా టైముంది.”

“వెలుతురు... తెలుస్తుందా?”

“ఆ, తెలుస్తుంది. ఏం?”

తల్లి పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. పాపకు అక్కడే పట్టీ వేయించింది. ఇంటికి రాగానే ఏడుస్తున్న పిల్లను చంకనేసుకుని, లిఫ్టు కోసం ఆగకుండా మెట్లన్నీ ఎక్కేసింది.

పైన ఇల్లు ఖాళీ. ఆయన తల్లి ఒక్కతే తలుపుకు తాళం వేస్తోంది.

“పెద్దమ్మా, మీ అబ్బాయేరీ?”

“పొద్దున్నే సామాన్ల బండిలో వెళ్ళిపోయాడమ్మా.”

“చిన్నప్పుడు ఆయన కంటికి కూడా పట్టీ వేశారా?”

ముసలామె పాప మొహంకేసి చూసింది. చూస్తూ చూస్తూ మెట్టు మీద కూలబడింది.

“వెయ్యమన్నారు. వాడు ఏడుస్తుంటే ఓర్చుకోలేక నేనే తీసేసేదాన్ని. పెద్దయ్యాక ఫ్యాక్టరీలో లేతు మిషను దగ్గర ఇనప ముక్క ఎగిరి తగిలి బాగున్న కన్ను పోయాక గానీ నేను చేసిందేంటో తెలిసిరాలేదు. నన్నెవరైనా ఒక మాట అంటారని, లోకమంతా దొంగ గుడ్డివాడన్నా సరే, వాడు ఆ సంగతి బయటపెట్టడు తల్లీ.”