గుంట చుట్టూ కంచె

టైలరు దుకాణం ముందున్న గుంటలో పడి ఒక ముసలావిడ కాలు విరగ్గొట్టుకుంది.

"అడగందే అమ్మైనా పెట్టదు. మునిసిపాలిటీ యాప్‌లో ఫిర్యాదు పెట్టండి," అంది టైలరు భార్య.

యాప్ జాబితాలో గుంట లేదు. నీళ్లు నిలిచి ఉన్నాయి కదా అని టైలరు "చెరువు" నొక్కి ఫొటో పంపాడు.

ఏళ్ల తరబడి తొంగిచూడని మునిసిపాలిటీ మనుషులు మర్నాడే దిగారు. గుంట చుట్టూ కంచె వేసి, కెమెరా బిగించి, "చెరువును కాపాడుకుందాం" అని బోర్డు పాతారు.

"వీళ్లని నమ్ముకుంటే అయినట్టే. మనమే పూడ్చేద్దాం పదండి," అంది భార్య. ఇద్దరూ నాలుగు తట్టల మట్టి పోశారు.

సాయంత్రం టైలరు ఫోనుకి రెండు మెసేజీలొచ్చాయి.

మొదటిది, చెరువు పూడ్చి ఆక్రమిస్తున్నందుకు నోటీసు.

రెండోది: "మీ ఫిర్యాదుపై దోషిని పట్టుకున్నాం. మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?"