మూడు అద్దాల కిటికీ

"ఈ కిటికీ చూశారా మాస్టారూ! గోడలోంచి ప్లాట్‌ఫారం మీదికి పొడుచుకొచ్చింది. మూడు వైపులా అద్దాలే. కుర్చీలోంచి లేవకుండా రెండు చివర్లూ కనిపిస్తాయి. కట్టినవాడికి దండం పెట్టాలి" అన్నాడు తనిఖీకొచ్చిన ఆఫీసరు, పాత టేకు చట్రాన్ని ముచ్చటగా తడుముతూ.

ఎడమ అద్దంలో అన్నయ్య కనిపించేసరికి కొత్త స్టేషన్ మాస్టరు గబుక్కున కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. గోడలకు సున్నాలు వేసి తనను చదివించిన అన్నయ్య. ఆ సున్నం మరకల చొక్కాతోనే రైలు దిగి ఇటే వస్తున్నాడు.

మాస్టరు పోర్టరును దగ్గరికి పిలిచి, "ఆ సున్నం చొక్కా మనిషికి నేను సెలవులో ఉన్నానని చెప్పి పంపెయ్" అని గొణిగాడు. పెన్ను పడిపోయినట్టు బల్ల కిందికి వంగాడు.

పోర్టరు తిరిగొచ్చేసరికి ఆఫీసరు చూరు కింది చెక్కపని మెచ్చుకుంటూ బయటికి నడిచాడు.

"నమ్మాడా?" అన్నాడు మాస్టరు.

"నమ్మినట్టే తలూపారు సార్. 'మా చిన్నోణ్ణి ఆ కుర్చీలో చూసుకుందామనే వచ్చాను బాబూ. అద్దంలోంచి చూసుకున్నాను, చాలు' అని వెళ్ళిపోయారు."

మాస్టరు చప్పున ఎడమ అద్దం వైపు తిరిగాడు.

"చూసినట్టు మీకు చెప్పొద్దన్నారు సార్. మీరు సిగ్గుపడతారట."