బాయిలర్‌కి దిష్టి

“కోటేష్ తప్పేనని చెప్పండి ఇంజనీరుగారూ. మీ లైసెన్సుకి ఢోకా ఉండదు,” అన్నాడు మిరప నూనె ఫ్యాక్టరీ యజమాని.

ఫ్యాక్టరీ ఇంజనీరు లక్ష్మీకాంత్ పేలిపోయిన బాయిలర్‌ని చూశాడు. సేఫ్టీ వాల్వు కడ్డీకి దిష్టి గుమ్మడికాయ కట్టిన ఉట్టి ఇంకా చుట్టుకునే ఉంది. లోపల ఆవిరి ఎక్కువైనా, ఆ బరువుకే వాల్వు తెరుచుకోలేదు. ఆపరేటర్ కోటేష్ బతకలేదు.

“బుద్ధుందా వాడికి? అక్కడా కట్టేది?” అన్నాడు లక్ష్మీకాంత్.

“మీకోసమేనండీ,” అంది అక్కడే నిలబడున్న కోటేష్ భార్య శివపార్వతి. “మీ నూనె పద్ధతికి పేటెంటొచ్చిందిగా, సారుకి దిష్టి తగులుద్దని దసరా పూజనాడు కట్టాడు. మీరే హారతిచ్చి, దానికింద నిలబడి ఫొటో దిగారు. మీరేం అనకపోయేసరికి మంచిదే అనుకున్నాం.”

ఆ ఫొటో అతని ఆఫీసులో, పేటెంటు కాగితం పక్కనే ఉంది. రోజూ చూసేవాడు. తన మొహం తప్ప అందులో ఇంకేమీ చూడలేదు.