ఒకే అడ్రసు

“మెమరీ, సౌండు, ప్రింటరు కనెక్షను, గడియారం. నాలుగూ ఒక్క బోర్డు మీదే కావాలి. మా కంప్యూటర్‌కి బోర్డు తగిలించే స్లాటు ఒకటే ఉంది,” అంది ఆమె కౌంటరు మీద చెయ్యి ఆనించి.

పెద్దబోర్డు కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టాడు. పాతకాలం కంప్యూటర్లకి ఇంకా ప్రాణం పోసుకుంటూ కూర్చునే హాబీవాళ్ళంతా అతన్ని ఆ పేరుతోనే పిలుస్తారు. ఊరికి ఆ చివర కొట్టు పెట్టుకున్న అతని తమ్ముడు చిన్నబోర్డు. అన్న మెమరీలో దిట్ట, తమ్ముడు సౌండులో దిట్ట.

“మూడు చేసిస్తా. సౌండు మాత్రం అడక్కండి.”

“నాకు అదే ముఖ్యం.”

“అయితే ఊరి ఆ చివరికి వెళ్ళండి.”

“అడిగాను. ఆయన మెమరీ అడక్కండన్నారు.”

లోపల్నుంచి అతని భార్య నవ్వింది. “బాగుంది! అన్నదమ్ములిద్దరూ ఆవిడకి చెరో చెక్కా అమ్మండి.”

అన్నదమ్ములిద్దరూ ఒకే బల్ల మీద పని నేర్చుకున్నారు. అలవాట్లు ఒకటే కాబట్టి పొరపాటూ ఒకటే అయింది. కంప్యూటరు తనకు తగిలించిన ప్రతిదాన్నీ ఒక అడ్రసుతో పిలుస్తుంది. అన్న మెమరీకి, తమ్ముడు సౌండుకి ఒకే అడ్రసు ఇచ్చుకున్నారు. విడివిడి బోర్డులుగా అమ్మినన్నాళ్ళూ ఇబ్బంది లేకపోయింది. రెండింటినీ ఒకే బోర్డు మీదికి ఎక్కించబోయిన రోజున తెలిసింది సంగతి. ఒక్క పిలుపుకి ఇద్దరూ పలికితే యంత్రానికి ఎవరి మాటా వినపడదు. ఎవరో ఒకరు అడ్రసు మార్చుకోవాలి. మార్చుకున్నవాడు పాత గిరాకీల ప్రోగ్రాములన్నీ తిరగరాసివ్వాలి.

“పెద్దవాణ్ణి, నేను జరిగేదేంట్రా?” అన్నాడు అన్న.

“ముందు పెట్టింది నేను,” అన్నాడు తమ్ముడు.

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడలేదు. తమ్ముడు వేరే కొట్టు పెట్టాడు, ఇల్లు తీసుకున్నాడు, పెళ్ళి చేసుకున్నాడు, పేరు తెచ్చుకున్నాడు. దేనికీ ఈ గుమ్మానికి కబురు రాలేదు.

“సౌండు డిజైను నేను తెస్తాను. ఇద్దరి మధ్యా తిరిగే పని నాది, కలిపే పని మీది,” అంది ఆమె.

పెద్దబోర్డు లెక్క వేసుకున్నాడు. హాబీవాళ్ళంతా అడుగుతున్నది ఈ బోర్డే. చేస్తే కొట్టు నిలబడుతుంది. కాదంటే రేపు ఇంకెవడో చేస్తాడు. ఒప్పుకున్నాడు.

ఒప్పుకున్నాడే గానీ అనుమానం వదల్లేదు. ఆమె ఎన్నిసార్లు వచ్చినా ఒక్కసారీ కంప్యూటరు తేలేదు. ఓసారి “బరువండీ” అంది. ఇంకోసారి “దాని మీద మా పిల్లి పడుకుందండీ, లేపితే రక్కుతుంది” అంది. బిల్లులో రాయడానికి అడ్రసు అడిగితే, “ముందు బోర్డు మీద అడ్రసులు తేల్చండి, నాది తర్వాత” అంది. అన్నిటికన్నా వింత ఇంకోటి. కొట్టుకొచ్చే ఆడవాళ్ళెవరైనా రెండో మాటకే ‘అన్నయ్యా’ అంటారు, బేరం తగ్గుతుందని. ఈమె పొరపాటున కూడా అనలేదు.

“ఇది మన డిజైను కాజేసి అమ్ముకునే రకం,” అన్నాడు భార్యతో. “వస్తువు చూపించదు, అడ్రసు చెప్పదు, వరస కలపదు. లెక్క తేలిపోయింది.”

“మీ లెక్క ఎప్పుడు తప్పింది గనక,” అంటూ ఆవిడ మంచినీళ్ళు పట్టుకెళ్ళింది. గిరాకీలకి కుర్చీ కూడా చూపించని మనిషి, ఈమెను లోపల కూర్చోబెట్టి ‘చెల్లీ’ అంటోంది!

చివరికి బోర్డంతా గీయడం అయిపోయింది, అడ్రసు తప్ప. పెద్దబోర్డు పెన్సిలు చెక్కి కాగితం ముందు కూర్చున్నాడు. పంతం గెలిస్తే బోర్డు ఉండదు. బోర్డు గెలిస్తే పంతం ఉండదు. ఇన్నేళ్ళూ పంతం మీదే పెట్టుబడి పెట్టాడు. పెరిగిందేమీ లేదు, బల్లకి అవతలి కుర్చీ ఖాళీ అయింది తప్ప. పాత అడ్రసు కొట్టేసి మెమరీని పక్కకి జరిపాడు. పాత గిరాకీల ప్రోగ్రాములు తిరగరాయడానికి తనే కూర్చున్నాడు.

మర్నాడు ఆమె సౌండు డిజైను తెచ్చింది. అతను చూస్తూ చూస్తూ ఒకచోట ఆగిపోయాడు.

“ఏమైందండీ? తప్పుందా?”

“వీడు కూడా జరిగాడమ్మా.”

“అంటే?”

“నేనూ జరిగాను, వాడూ జరిగాడు. దేనికోసం కొట్టుకున్నామో ఆ అడ్రసు ఖాళీగా పడుంది.”

“నష్టమా?”

అతను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “ఇద్దరికీ.”

బోర్డు తయారైంది. కొట్టులో ఉన్న కంప్యూటరుకి తగిలించి చూశాడు. మెమరీ పూర్తిగా కనిపించింది. గడియారం నడిచింది. ప్రింటరు కదిలింది. ఆఖరికి సౌండు మోగింది. చిన్నప్పుడు తమ్ముడు ఈ బల్ల మీదే ఎన్నిసార్లో మోగించి విసిగించిన స్వరం అది. అయిపోయినా మళ్ళీ మోగించాడు.

ఆమె చెయ్యి చాచింది. అతను బోర్డు ఇవ్వలేదు.

“ఇది ఎవరి చేతికీ ఇవ్వనమ్మా. నేనే వచ్చి బిగిస్తా. దారిలో ఆ చివర వాడి కొట్టు దగ్గర కాసేపు ఆగి, వాడికి చూపించి మరీ వస్తా. పిల్లిని లేపే పూచీ కూడా నాదే. ఇప్పటికైనా మీ అడ్రసు చెప్పండి.”

అతని భార్య అప్పటికే చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడింది.

ఆమె ఆవిడ వంక ఓసారి చూసి, ఇన్నాళ్ళూ నాలుక చివరే ఆపుకున్న పిలుపును బయటికి వదిలింది.

“మీ తమ్ముడి అడ్రసే, బావగారూ.”