నేరం రెండోవాడిది

"ఆ పని నేను చేయలేదు డాక్టరు గారూ. నాలో ఇంకొకడున్నాడు. వాడు చేశాడు."

ఈ మాటను వాచీల మెకానిక్ అద్దం ముందు పది రోజులు సాధన చేశాడు. రిపేరుకొచ్చిన పాతకాలపు వాచీలోంచి ఖరీదైన మెషీన్ పీకేసి, చవకరకం బిగించిన కేసు అది. ప్రస్తుతం బెయిలు మీదున్నాడు. పిచ్చి డాక్టరు నమ్మితే ఆసుపత్రి, నమ్మకపోతే జైలు.

అతన్ని తొలిచేస్తున్నది మాత్రం వేరే. వాచీ వెనక మూత మళ్లీ తెరిచేది ఏ మూడేళ్లకో. అలాంటిది మూడో రోజే పోలీసులొచ్చి, తిన్నగా కింది సొరుగులో ఆ మెషీన్ దాచిన గ్రీజు డబ్బాలో చెయ్యి పెట్టారు. ఎవరో ఉప్పందించారు. అనుమానమంతా భార్య మీదే. కానీ సాక్ష్యానికి ఆవిడే దిక్కు కాబట్టి పల్లెత్తు మాట అనలేదు.

"ఆ ఇంకొకణ్ణి ఓసారి పిలుస్తారా?" అన్నాడు డాక్టరు.

మెకానిక్ కళ్లు తేలేశాడు. గొంతు బొంగురు చేసుకుని, బల్ల గుద్ది, డాక్టరును నానా తిట్లూ తిట్టాడు. సినిమాల్లో చూసిన పిచ్చంతా ఒలకబోశాడు. డాక్టరు ఆవులింత ఆపుకుంటూ ఏదో రాసుకున్నాడు.

తర్వాత భార్యను లోపలికి పిలిచారు. ఆవిడకు నేర్పింది ఒక్కటే ముక్క. ఆవిడ అంతటితో ఆగితేనా.

"ఒక్కోసారి ఈయన ఈయనలా ఉండరండీ. అంట్లు తోముతారు. మా అమ్మకు ఫోన్ చేసి మందులేసుకున్నారా అని అడుగుతారు. మర్నాడు ఆ సంగతెత్తితే నేనెప్పుడు చేశానని కసురుతారు," అంటూ కళ్లు తుడుచుకుంది.

మెకానిక్‌కి ఒళ్లు మండిపోయింది. దుర్మార్గుణ్ణి చూపించవే అంటే ఆదర్శ భర్తను తెచ్చి నిలబెట్టింది. ఈ అబద్ధం ఎవడు నమ్ముతాడు? నిలువునా కొంప ముంచింది.

ఆవిడ బయటికి వెళ్లాక డాక్టరు పెన్ను మూసి పక్కన పెట్టాడు.

"మీరు చేసింది శుద్ధ నాటకం. నిజంగా ఈ జబ్బున్నవాళ్లు ఇలా బల్లలు గుద్దరు. మనిషి మారిన సంగతి పక్కవాళ్లకే సరిగ్గా తెలియదు."

మెకానిక్ మొహం పాలిపోయింది. "అయితే జైలుకేనా?"

"అది కోర్టు చూసుకుంటుంది. కానీ మీలో ఇంకొకరున్న మాట నిజం. మొన్న సోమవారం మీ కుర్చీలోనే గంటసేపు కూర్చున్నారు."

"సోమవారమా? నేనసలు రాలేదే."

"మీరు రాలేదు. ఆయన వచ్చారు. చాలా మర్యాదస్తుడు. పోలీసులకు ఫోన్ చేసింది ఆయనే."